పోటీకి ముందు పరాయి సరస్సు: రోయింగ్ క్యాంపులో అసలు జరిగేదేమిటి

భారత రోయింగ్‌లో గుర్తుండే పేర్లన్నీ ఒకచోట రాసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో తోసే పడవ) పోటీలో స్వర్ణం గెలిచిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా. లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన స్వర్ణ్ సింగ్‌ది పంజాబ్. రియోలో 13వ స్థానంలో నిలిచిన దత్తు భోకనల్‌ది నాసిక్ జిల్లాలో కరువు ప్రాంతం. టోక్యోలో 11వ స్థానం తెచ్చిన జోడీలో అర్జున్ లాల్ జాట్‌ది రాజస్థాన్, అర్వింద్ సింగ్‌ది ఉత్తరప్రదేశ్. పారిస్‌కు వెళ్ళిన బల్‌రాజ్ పన్వర్‌ది హరియాణా. ఈ వరసలో సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇచ్ఛాపురం నుంచి కిందకి దాదాపు 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లా, దాని పక్కనే పూసపాటిరేగ, భోగాపురం తీరమున్న విజయనగరం జిల్లా ఈ ఆటలో ఎక్కడా వినిపించవు.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పైన చెప్పినవాళ్ళంతా సైన్యం నుంచి వచ్చినవాళ్ళే. దత్తు భోకనల్ 2012లో సైన్యంలో చేరాకే తెడ్డు పట్టారు. మన దేశంలో రోయింగ్ నీటి పక్కన పుట్టిన ఆట కాదు, సైనిక శిక్షణ కేంద్రాల్లో పెరిగిన ఆట. పుణెలోని ఆర్మీ రోయింగ్ నోడ్‌లో కోచ్‌లు మొదట చూసేది ఎత్తు, చేతుల పొడవు, ఊపిరితిత్తుల సత్తా. ఈత వచ్చా రాదా అన్నది తర్వాతి సంగతి, నేర్పించుకుంటారు. సైన్యంలో చేరడం ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకు కొత్తేమీ కాదు. పొద్దున్నే హైవే పక్కన, కాలేజీ గ్రౌండ్లలో రన్నింగ్ చేసేవాళ్ళలో సగంమంది లక్ష్యం అదే. కాబట్టి ఆమదాలవలస నుంచో గజపతినగరం నుంచో ఆరడుగుల రెండంగుళాల కుర్రాడొకడు రేపు జాతీయ రోయింగ్ జట్టులోకి వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వస్తే, పెద్ద పోటీకి ముందు అతన్ని ఏ ఇటలీకో స్పెయిన్‌కో కొన్ని వారాలు పంపిస్తారు. అప్పుడు ఊళ్ళో వినబడే మాట ఒకటే: "ఫారిన్ వెళ్ళాడంట!"

ఆ మాటలో ఉన్న ఊహకూ, అక్కడ నిజంగా గడిచే రోజుకూ పొంతన ఉండదు.

క్యాంపు అనగానే మన జిల్లాల వాళ్ళకు గుర్తొచ్చేది వెయిట్‌లిఫ్టింగ్. కరణం మల్లేశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. సిడ్నీలో ఆమె కాంస్యం తెచ్చాక ఆ ఆట ఇక్కడి ఇళ్ళలో మామూలు మాటైపోయింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అయితే ఊరు ఊరంతా బరువులెత్తే ఊరు. కానీ లిఫ్టింగ్‌లో బార్ ఎక్కడైనా ఇరవై కిలోలే (ఆడవాళ్ళకు పదిహేను), ప్లాట్‌ఫామ్ ఎక్కడైనా గట్టి నేలే. విజయనగరంలో ఎత్తిన బరువుకు ప్యారిస్‌లోనూ అదే విలువ. రోయింగ్‌లో అలా కుదరదు. ఎదురుగాలి కాస్త పెరిగితే అదే మనిషి, అదే బలం, అదే పడవ పోటీ దూరమైన 2000 మీటర్లకు అర నిమిషం ఎక్కువ తీసుకోవచ్చు. నీరు చల్లబడితే పడవ నడక మారుతుంది, లోతు తగ్గితే ఇంకోలా ఉంటుంది. బయటి దేశం వెళ్ళడం వెనకున్న మొదటి కారణం ఇదే. గాలి తక్కువగా, అల లేకుండా, రెండు కిలోమీటర్లకు పైగా తిన్నగా సాగే నీరు రోజూ ఒకేలా దొరకాలి. అది దొరక్కపోతే నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి మెరుగయ్యాడా, గాలి మారిందా అన్నది తేలదు.

అందుకే ప్రపంచంలోని జట్లన్నీ కొన్ని చోట్లకే చేరతాయి. స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు, స్పెయిన్‌లో బన్యోలెస్, సెవిల్లె, పోర్చుగల్‌లో డౌరో నది మీది పోసిన్యో, ఇటలీలో వరేసె. ఆస్ట్రేలియా వాళ్ళు వరేసె సరస్సు ఒడ్డున గవిరాతెలో ఏకంగా సొంత కేంద్రమే పెట్టుకున్నారు. ప్రపంచ కప్ పోటీలు ఎక్కువగా ఐరోపాలోనే జరుగుతాయి కాబట్టి, ప్రతిసారీ ఇంటికి వెళ్ళి రావడం కంటే అక్కడే ఉండిపోవడం మేలని వాళ్ళ లెక్క. రెండో కారణం పక్క లేన్. మన దేశంలో అందరికన్నా ముందుండేవాడు అక్కడి పొద్దుటి నీళ్ళలో మూడో వరసలో ఉంటాడు. ఎంత వెనకున్నాడో కళ్ళతో చూడటానికి ఇంకో దారి లేదు.

చేరిన రోజు తెడ్డు ముట్టరు. పడవ బిగిస్తారు. ఒంటరి స్కల్ పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, బరువు మాత్రం 14 కిలోలు. దాన్ని విమానంలో వేసుకుపోలేరు, అక్కడే అద్దెకు తీసుకుంటారు. బూట్లు పడవకే బిగించి ఉంటాయి, ముందు వాడినవాడి సైజులో. తెడ్డును పట్టి ఉంచే గేటు ఎత్తు, దాని వంపు, రెండు గేట్ల మధ్య దూరం, బూట్ల పలక కోణం, ఇవన్నీ ఈ మనిషి ఒంటికి తగ్గట్టు మిల్లీమీటర్లలో సర్దాలి. స్పానర్, టేపు, స్పిరిట్ లెవెల్ పట్టుకుని కోచ్‌తో పాటు ఆటగాళ్ళూ నేల మీద కూర్చుంటారు. గేటు ఒక సెంటీమీటరు కిందికి ఉంటే వారం తిరిగేసరికి నడుము చెబుతుంది. రోయర్లకు ఎక్కువగా వచ్చే గాయాలు నడుముకూ పక్కటెముకలకూ కాబట్టి, ఈ మొదటి రోజును వృథా అనుకునేవాళ్ళే తర్వాత ఫిజియో బల్ల మీద రోజులు పోగొట్టుకుంటారు.

ఇక దినచర్య. పొద్దున లేవగానే బరువు, నాడి, కొన్ని జట్లలో మూత్రం చిక్కదనం కూడా చూసి రాస్తారు. రాత్రి సరిగ్గా నిద్రపోయాడా, నీళ్ళు తాగాడా అన్నది అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా అక్కడే తేలిపోతుంది. కొంచెం తిని నీళ్ళలోకి దిగుతారు. మొదటి విడత 16 నుంచి 20 కిలోమీటర్లు. అయితే ఊళ్ళో వాళ్ళు ఊహించుకునే ఊపు అందులో ఉండదు. నిమిషానికి 18 లేదా 20 తెడ్డు వేట్లు, అంతే. పోటీలో వేసేది 36 నుంచి 40. పక్కవాడితో మాట్లాడుతూ చేయగలిగినంత నెమ్మది. మధ్యలో ఆపి చెవి తమ్మెకు సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు, లాక్టేట్ (కండరాలు గట్టిగా పనిచేస్తే రక్తంలో పెరిగే పదార్థం) ఎంత ఉందో చూడటానికి. అది రెండు మిల్లీమోల్ చుట్టుపక్కల ఉండాలి. ఎక్కువుంటే తిట్టు పడుతుంది. గట్టిగా తోసినందుకు తిట్లు తినడం కొత్తగా వచ్చినవాళ్ళకు మింగుడుపడని సంగతి. కండబలంతో పైకొచ్చిన గ్రామీణ కుర్రాళ్ళకైతే మరీను.

దీని వెనకున్న లెక్క తేలికే. ఆరేడు నిమిషాల పోటీలో ఒంటికి కావలసిన శక్తిలో మూడొంతులకు పైగా ఆక్సిజన్‌తో తయారయ్యేదే. ఆ యంత్రాంగం నెమ్మదిగా, చాలాసేపు, చాలా నెలలు చేసే పనితోనే పెరుగుతుంది. రోజూ గుండె పగిలేలా తోస్తే పెరగదు, అలిసిపోతుంది. అందుకే పెద్ద జట్ల సాధనలో ఎనభై శాతానికి పైగా ఈ నిదానపు నడకే ఉంటుంది. పోటీకి ముందు వారాల్లో దీనికి అక్కడక్కడా 500 మీటర్ల, 1000 మీటర్ల వేగపు ముక్కలు కలుపుతారు. మిగతాదంతా ఒకే సరస్సు మీద పైకీ కిందికీ. రెండో విడతలో బరువులు లేదా ఎర్గోమీటర్, అంటే నేల మీద తెడ్డు వేసే యంత్రం. సాయంత్రం మళ్ళీ నీళ్ళు. మధ్యలో తిండి, నిద్ర, వీడియో చూడటం, మళ్ళీ తిండి. వీసా ముద్ర పడిన పాస్‌పోర్టు ఉన్నా చాలామంది ఆ దేశంలో చూసేది విమానాశ్రయం, హాస్టల్, బోట్ హౌస్. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న ఊరి పేరు కూడా తెలియకుండా తిరిగొచ్చేవాళ్ళున్నారంటే అది వాళ్ళ తప్పు కాదు. విసుగు పుట్టేలా ఉండటమే ఈ క్యాంపుల పద్ధతి.

తిండి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పెద్ద శరీరమున్న రోయర్‌కు ఇలాంటి వారాల్లో రోజుకు అయిదు, ఆరు వేల కేలరీలు అవసరమవుతాయి. మామూలు మగవాడు తినేదానికి రెట్టింపు. క్యాంటీన్‌లో పాస్తా, రొట్టె, గుడ్లు, పెరుగు, చీజ్ కొండల్లా ఉంటాయి. సమస్య దొరకకపోవడం కాదు, మింగలేకపోవడం. మూడో రోజు నుంచి నాలుక కారం వెతుక్కుంటుంది. అన్నం, పప్పు, చేప లేకుండా కడుపు నిండినట్టు అనిపించనివాడు తెలియకుండానే తక్కువ తింటాడు. తక్కువ తిని ఎక్కువ తోస్తే మొదట నిద్ర చెడుతుంది, తర్వాత జలుబు పట్టుకుంటుంది, ఆపైన పక్కటెముకలో సన్నటి పగులు. ఇంటి నుంచి నెయ్యి సీసా, పాలకోవా పెట్టుకుందామంటే ఐరోపా యూనియన్ దేశాల్లోకి బయటినుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురానివ్వరు. చోడి (రాగి) పిండికి ఆ తంటా లేదు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు అటూఇటుగా కాల్షియం ఉంటుంది, ఎముకకు పని పడే ఆటలో అది చిన్న విషయం కాదు. మన వైపు పొలానికి వెళ్ళేముందు తాగే అంబలి, తెల్లవారుజామున నీళ్ళలోకి దిగేముందు తాగడానికీ బాగానే సరిపోతుంది.

ఇంకో అలవాటు మాత్రం సరిహద్దు దాటకూడదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో నీరసంగా ఉంటే ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి సెలైన్ ఎక్కించుకోవడం మామూలే. ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా పన్నెండు గంటల్లో వంద మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఏ ద్రవం ఎక్కించినా అది ప్రపంచ డోపింగ్ నిరోధక నియమాల ప్రకారం నేరం. అందులో ఉత్త ఉప్పునీళ్ళే ఉన్నా సరే. రోయింగ్ ప్రపంచ సమాఖ్య అయితే ఇంకో అడుగు ముందుకేసి సూదుల మీదే ఆంక్షలు పెట్టింది. టెస్టింగ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా డోపింగ్ పరీక్ష చేసే జాబితాలో పేరున్నవాళ్ళు రోజులో ఏ గంట ఎక్కడ దొరుకుతారో ముందే రాసివ్వాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే పాజిటివ్ వచ్చినంత పని. కొండవెలగాడ వాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి మత్స సంతోషికి మొదట వచ్చింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో పట్టుబడటంతో అది రజతమైంది.

క్యాంపులో బయటికి కనిపించని టెన్షన్ ఇంకొకటుంది. నలుగురి పడవలో ఎవరు కూర్చోవాలి అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. దాని పద్ధతి పేరు సీట్ రేసింగ్. రెండు నలుగురి పడవలు పక్కపక్కన మూడు నిమిషాలు తోస్తాయి. మొదటిది రెండు మీటర్లు గెలిచిందనుకుందాం. ఒడ్డుకు రాకుండానే కోచ్ ఇద్దరి పేర్లు పిలుస్తాడు, ఈ పడవలో వాడు ఆ పడవలోకి, ఆ పడవలో వాడు ఇందులోకి మారాలి. మళ్ళీ మూడు నిమిషాలు. ఈసారి రెండో పడవ మూడు మీటర్లు గెలిస్తే, మారిన ఇద్దరి మధ్య తేడా అయిదు మీటర్లు. ఎర్గోమీటర్ మీద ఎవరి అంకె బాగుంది, ఎవరి భుజాలు వెడల్పు అన్నది ఇక్కడ చెల్లదు. ఎవడు ఎక్కితే పడవ నడుస్తుందో వాడిదే సీటు.

వినడానికి ఇది న్యాయమైన లెక్క. నీళ్ళ మీద మాత్రం గాలి మారుతుంది, మూడో పరుగుకు అలసట చేరుతుంది, తన స్నేహితుడు మారి వచ్చిన పడవలో మిగతా ముగ్గురూ కాస్త ఎక్కువ తోయొచ్చు కూడా. మంచి కోచ్‌లు అందుకే ఎవరిని ఎవరితో పోలుస్తున్నారో ముందు చెప్పరు, అసలు పోలిక కాని మార్పిడులు కూడా మధ్యలో పెడతారు. ఫలితం వచ్చాక ఓడినవాడూ గెలిచినవాడూ రాత్రి ఒకే గదిలో పడుకోవాలి, పొద్దున ఒకే పడవను భుజాన మోయాలి. ఈ వారాల్లో కుర్రాళ్ళు నేర్చుకునే కష్టమైన పని ఇదేననిపిస్తుంది. దీనికి జిమ్‌లో కసరత్తు లేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? వేసవిలో మధ్య ఐరోపాకు మనకన్నా మూడున్నర గంటలు వెనక. సోంపేటలో అమ్మ వంటగది సర్దుకుని తొమ్మిదింటికి ఫోన్ పట్టుకుంటే అక్కడ సాయంత్రం అయిదున్నర, కొడుకు అప్పుడే నీళ్ళలోంచి పడవ ఎత్తి ఉంటాడు. "తిన్నావా నాన్నా?" దగ్గర మొదలై మాట అప్పు దగ్గరికో, చెల్లి సంబంధం దగ్గరికో పోతుంది. జట్టులో హిందీ, కోచ్‌తో పొడి పొడి ఇంగ్లీషు మాట్లాడి రోజంతా గడిపినవాడికి తెలుగు వినబడేది ఆ పది నిమిషాలే. వద్దనడం ఎలా? కొన్ని జట్లు చివరి వారంలో ఫోన్‌కు వేళలు పెడతాయి. కఠినంగా అనిపించినా, ఇంటి కష్టాలు విని నిద్రపట్టక లేచిన పొద్దు నాడి ఎంత కొట్టుకుందో రాసిపెట్టిన పుస్తకం ఆ నియమం వైపే మాట్లాడుతుంది.

కొన్ని జట్లు కొండల మీదికి వెళ్తాయి. ఇటలీలో లివిన్యో 1800 మీటర్ల ఎత్తున ఉంది, ఆస్ట్రియాలో సిల్వ్‌రెట్టా రెండు వేల మీటర్ల పైన. పల్చటి గాలిలో మూడు వారాలుంటే ఎర్ర రక్తకణాలు పెరుగుతాయన్నది ఆశ. ఒంట్లో ఐరన్ నిల్వలు తక్కువగా ఉంటే ఆ ఎత్తుకు వెళ్ళినా దండగే, కాబట్టి బయలుదేరకముందే రక్తపరీక్ష తప్పనిసరి. అంత ఎత్తున సరస్సుల నీరు పది డిగ్రీల లోపు ఉండొచ్చు. కళింగపట్నం కెరటాల్లో గంటలకొద్దీ ఈదినవాడైనా అలాంటి నీళ్ళలో పడవ తిరగబడితే మొదటి నిమిషంలో ఊపిరి అందక ఉక్కిరిబిక్కిరవుతాడు. కోచ్ మోటారు పడవ వెంటే తిరగడం స్ప్లిట్ టైమ్ (500 మీటర్లకు పట్టే సమయం) అరవడానికే కాదు.

చల్లటి చోట సాధన చేసి వేడి చోట పోటీకి దిగడంలో ఇంకో చిక్కుంది. 2026 ఆసియా క్రీడలు సెప్టెంబర్ 19న జపాన్‌లోని ఐచి-నగోయాలో మొదలవుతాయి. ఆ వేళప్పుడు అక్కడ ఎండ, తేమ రెండూ ఉంటాయి. శ్రీకాకుళం ఉక్కపోతలో పెరిగినవాడి ఒంటికి వేడి అలవాటే, కానీ ఆ అలవాటు శాశ్వతం కాదు. చల్లటి సరస్సు దగ్గర కొన్ని వారాలు గడిపితే చాలావరకు పోతుంది. నగోయా లాంటి పోటీకి ముందు ఆల్ప్స్ కొండల్లో ఆఖరి వారం దాకా ఉండిపోవడం తెలివైన పని కాదు.

చివరి రెండు వారాలు టేపర్. దూరం దాదాపు సగానికి తగ్గిస్తారు, వేగం మాత్రం తగ్గించరు. ఒంట్లో ఓపిక పెరగాల్సింది పోయి కాళ్ళు బరువెక్కినట్టు, ఒళ్ళు నొప్పులున్నట్టు అనిపిస్తుంది చాలామందికి. పనిలేక మనసు ఒంటిని తడుముకోవడం మొదలుపెడుతుంది. రహస్యంగా ఇంకో పది కిలోమీటర్లు తోసి వచ్చేవాళ్ళు ఇప్పుడే దొరికిపోతారు.

ఇంత చేసి వచ్చిన ఫలితాలు ఎలా ఉన్నాయి? ఆసియాలో మనం గట్టివాళ్ళమే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోయింగ్ రెండు రజతాలు, మూడు కాంస్యాలు తెచ్చింది. ఒలింపిక్స్‌లో అత్యుత్తమం మాత్రం టోక్యోలో ఆ 11వ స్థానమే. అది కూడా లైట్ వెయిట్ విభాగంలో. మగవాళ్ళ పడవలో సగటు బరువు 70 కిలోలు మించకూడదన్న ఆ విభాగం మన శరీరాలకు అచ్చొచ్చింది. 1996లో మొదలైన దాన్ని పారిస్ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఎత్తేశారు. ఇక అందరూ ఆరడుగుల అయిదంగుళాల డచ్చి, జర్మన్ మనుషులతోనే తలపడాలి. ఎన్ని క్యాంపులు పెట్టినా కాలి ఎముక పొడవు పెరగదు. ఈ మార్పుతో మన సగటు కుర్రాళ్ళకు జరిగిన నష్టం ఎంతో ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు.

అయితే లైట్ వెయిట్ ఖాళీ చేసిన చోటికి వచ్చినదాన్ని ఈ రెండు జిల్లాలు పట్టించుకోవాలి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో బీచ్ స్ప్రింట్ అనే తీరపు రోయింగ్ తొలిసారి ఉంటుంది. ఇసుక మీద పరుగెత్తి పడవలోకి దూకాలి, కెరటాలు దాటి బోయాల (నీటి మీద తేలే గుర్తుల) మధ్య వంకర్లు తిరుగుతూ 250 మీటర్లు వెళ్ళాలి, తిరిగి తిన్నగా ఒడ్డుకు వచ్చి మళ్ళీ పరుగెత్తాలి. మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి, ఇద్దరూ కలిసి తోసేదొకటి. రెండు కిలోమీటర్ల నిశ్చల సరస్సు అక్కర్లేదు, కొద్ది నిమిషాల ఆట. ఎత్తు ఇందులోనూ లాభమే, కానీ కెరటం ఎప్పుడు విరుగుతుందో తెలియనివాడికి ఆ ఎత్తు పనికిరాదు.

బారువలో, భావనపాడులో, చింతపల్లిలో తెప్ప దించే కుర్రాళ్ళకు ఆ లెక్క పదేళ్ళ వయసుకే వస్తుంది. అంతమాత్రాన వాళ్ళను నేరుగా పడవ ఎక్కించేస్తే పతకం వస్తుందనుకోవడం పొరపాటు. తెప్ప మీద బలం చేతులది, భుజాలది. రోయింగ్‌లో జారే సీటు మీద వెనక్కి తిరిగి కూర్చోవాలి, సగానికి పైగా బలం కాళ్ళ నుంచి రావాలి. ఏళ్ళ తరబడి అలవాటైన కదలికను మరచి కొత్తది నేర్చుకోవడం, ఏ అలవాటూ లేని సీకర్ కుర్రాడికి నేర్పడం కంటే కష్టం కావచ్చు. అందుకే పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్లలతో మొదలుపెట్టాలి, ఎర్గోమీటర్ మీద ముందు కాళ్ళకు పని నేర్పాలి. తీరపు సింగిల్ పడవ పొడవు ఆరు మీటర్లకు మించదు, బరువు 35 కిలోలు, కొంచెం గట్టి దెబ్బ తగిలినా తట్టుకుంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది, పైగా బడికి సెలవులు, సాధనకు అనువైన సమయం అదే. అక్టోబర్, నవంబర్ నెలలు మాత్రం తుఫాన్లకు వదిలేయాల్సిందే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబర్ 11నే. ఈ ఆటకు విదేశీ క్యాంపు అవసరం పూర్తిగా పోదు, మలుపు తీసుకోవడంలో యూరప్ వాళ్ళను పక్కన పెట్టుకుని చూడాల్సిందే. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు సాధనకు కావలసిన నీరు ఈసారి ఇంటి ముందే ఉంది. లేనివి పడవలు, ఆ పడవ ఎక్కి చూపించగల కోచ్.